అల్లిక రెక్కల పురుగు గుడ్లు: వాట్సాప్ సందేశంలోని తప్పులు

బెంగళూరులోని తెలుగువారి మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. ఆకుల అడుగున సన్నని కాడల చివర నిలిచే అల్లిక రెక్కల పురుగు (లేస్‌వింగ్) గుడ్లను కత్తిరించి, అన్నింటినీ ఒకే డబ్బాలో వేసి, తేనె నీళ్లలో తడిపిన దూది పెడితే చాలునని, వారంలో వచ్చే రెక్కల పురుగులు మొక్కల రసం పీల్చే పేనుబంకను తినేస్తాయని, ఒక్కసారి వదిలితే ఇక ఏ మందూ అక్కరలేదని అందులో ఉంది. హెబ్బాళలోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో పద్ధతి ఇదేనని కూడా చేర్చారు. మిత్ర పురుగులపై ఇంతమందికి ఆసక్తి కలగడం నాకు నిజంగా సంతోషం కనుకనే, ఆ గుడ్లు వృథా కాకూడదని ఇది రాస్తున్నాను.

ఒకే డబ్బాలో వేయమనడం అన్నింటికంటే పెద్ద తప్పు. గుడ్డు నుంచి ముందుగా బయటికి వచ్చిన పిల్ల పురుగు పక్కనున్న గుడ్లనూ, తోటి పిల్లలనూ తినేస్తుంది. తల్లి ఒక్కొక్క గుడ్డునూ కాడ చివర ఎత్తిపెట్టడం వల్ల గుడ్లకు కొంత రక్షణ దొరుకుతుంది, మనం కాడ కోసి కుప్పపోస్తే అదీ పోతుంది. అందుకే ప్రయోగశాలలలో పిల్లలను మొదటి రెండు మూడు రోజులే పుష్కలమైన ఆహారంతో కలిపి ఉంచి, తరువాత ఒక్కొక్కదానినీ విడి అరలోకి మారుస్తారు.

ఆ ఆహారం తేనె కాదు, బియ్యపు చిమ్మట (రైస్ మాత్) గుడ్లు. వాటిని అతినీలలోహిత కిరణాలతో ముందే చంపి వేస్తారు, లేకపోతే వాటి నుంచి చిమ్మట పిల్లలు పుట్టి పెంపకం మొత్తాన్ని గూళ్లతో చుట్టేస్తాయి. తేనె, పుప్పొడి వంటివి రెక్కలు వచ్చిన పురుగులకు ఆహారం. పేనుబంకను తినేది పిల్ల దశ మాత్రమే.

గుడ్ల సేకరణకు కత్తెర అవసరం లేదు. పెద్ద పురుగులను ఉంచిన తొట్టి లోపల గోధుమరంగు కాగితం చుడితే అవి దానిపై గుడ్లు పెడతాయి. వాటిని స్పాంజి ముక్కతో మెల్లగా రాల్చుతారు. తోటలో ఆకుపై కనిపించినవాటిని ఉన్నచోటే వదిలేయడం మేలు.

వారం లెక్క కూడా నిలవదు: గుడ్డుకు 3-4 రోజులు, పిల్ల దశకు 8-10, గూటిలో (ప్యూపా దశలో) మరో 5-7 రోజులు పడతాయి. రెక్కలు వచ్చినవి మీ కుండీలలోనే ఉండిపోవు, పూలు లేకపోతే ఎగిరిపోతాయి కనుక మళ్లీ మళ్లీ వదలవలసి ఉంటుంది. పేనుబంకకు చీమలు కాపలా ఉన్న కొమ్మపై అవి పిల్ల పురుగులను తరిమేస్తాయి కాబట్టి, వదలడానికి ముందే చీమల రాకను ఆపాలి.