ఐదు పేరాల ఎస్సే గారికి, మూడో కారణం దొరకని విద్యార్థి రాయునది

అయ్యా,

నమస్కారం. తమరు క్షేమమేనని తెలుసు. ఇంట్రడక్షన్ ఒకటి, బాడీ మూడు, కన్‌క్లూజన్ ఒకటి. ఏ అవయవం ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది, తమకేం లోటు. క్షేమంగా లేనిది నేనే. నిన్న మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా స్టాఫ్‌రూమ్ బయట, గోడకు ఒక కాలు ఆనించి నిలబడ్డాను. మేడమ్ మీటింగ్‌లో ఉన్నారు. నా చేతిలో తమరున్నారు, రెండు కాగితాలు, మూలన పిన్ను కొట్టి. ఇరవైకి పద్నాలుగు.

మార్కుల కోసం కాదు నిలబడింది. పద్నాలుగంటే మా బెంచీలో ఎక్కువే. ఏ పేరాకు టిక్ పడిందో, ఏ పేరా మీద ఎర్ర గీత పడిందో చూశాక ఒంగోలు బస్టాండుకు పోవాల్సిన కాళ్లు స్టాఫ్‌రూమ్ వైపు తిరిగాయి.

టాపిక్ తమకు గుర్తుండే ఉంటుంది. మీ ప్రాంతంలో రైతులు ఏదైనా ఒక పంట మానేయడానికి కారణాలు చర్చించండి, 500 పదాలకు మించకుండా. కొండపి పక్క పల్లె మాది, పొగాకు ఆకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ నీడలో పెరిగినవాణ్ణి. ఇంగ్లీష్ పేపర్లో నాకు తెలిసిన ప్రశ్న రావడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. మా తాతయ్య ముప్పై ఏళ్లు పొగాకు వేసి 2011లో మానేశాడు. ఎందుకు మానేశాడో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కారణం ఒకటే. అదే రాశాను, పేజీన్నర, ఒకటే పేరా.

తిరిగొచ్చింది. పక్కన ఎర్రసిరాతో: "ఓన్లీ వన్ పాయింట్. నీడ్ త్రీ."

మా వైపు వేలం కేంద్రంలో బేలును, అంటే పొగాకు కట్టను, ఎవరూ పాడకపోతే దాన్ని నో బిడ్ అంటారు. రైతు ఆ బేలును మళ్లీ ట్రాక్టరెక్కించుకుని ఇంటికి తెచ్చి, విప్పి, ఆకు వేరుచేసి, మళ్లీ కట్టి, ఇంకోరోజు పట్టుకెళ్తాడు. ఆకు అదే ఆకు. నేనూ అలాగే తెచ్చుకున్నాను.

అసలు ఈ మూడు మీద తమకంత మోజు ఎందుకండీ? మూడు ముళ్లు పడకపోతే పెళ్లి చెల్లదన్నట్టు! ఒక కారణంతో కాపురం చేసేవాళ్లు లేరా లోకంలో? కవిత్రయం అంటారా, ఒప్పుకుంటాను. అందులో మూడోవాడు ఎర్రన మావాడే, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి దగ్గర ఉన్నవాడు. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు అద్దంకి బాపట్లకు పోయింది. ఎర్రనను మాత్రం మేం ఇవ్వలేదు.) కానీ ఆ ఎర్రన కూడా అరణ్యపర్వంలో నన్నయ ఆపిన దగ్గర అందుకుని, మిగిలినంతే రాశాడు. లెక్క తగ్గిందని భారతానికి ఇంకో రెండు పర్వాలు తగిలించలేదు.

నేను తగిలించాను. హాస్టల్లో రాత్రి పదకొండింటికి, తాతయ్య పొగాకు మానడానికి ఆయనకే తెలియని రెండు కారణాలు పుట్టించాను.

ఒకటి, నీటి ఎద్దడి. నల్లరేగడిలో మా పొగాకుకు తడి పెట్టేదెవరు? పదును మీద నాటితే పదును మీదే లేస్తుంది. అయినా "ఫర్దర్‌మోర్" అని మొదలుపెట్టి భూగర్భజలాలు అడుగంటాయని రాశాను. దానికి టిక్. పక్కన "గుడ్ పాయింట్".

రెండోది ఆరోగ్య చైతన్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడిక 2003లో ఆమోదం పొందింది, మన దేశం 2004లో ధ్రువీకరించింది, 2005 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది, 17వ అధికరణం పొగాకు రైతుకు వేరే బతుకుదారి చూపమంటుంది. ఇవన్నీ నిజాలే, వెతికి మరీ పట్టాను. వీటిని తెచ్చి తాతయ్య మెడకు కట్టాను. అంటే మా తాతయ్య ఆ ఒడంబడికను ఆరేళ్ల పాటు కూలంకషంగా ఆలోచించి, 2011లో గౌరవించాడన్నమాట. ఇవాళ్టికీ పొద్దున చుట్ట వెలిగించందే మంచం దిగడు. ఈ పేరాకు రెండు టిక్కులు. "ఎక్సలెంట్ ఎవిడెన్స్".

మిగిలింది అసలు కారణం. పేజీన్నర కాస్తా కుదించి ఏడు లైన్లు చేశాను, మధ్యలో ఇరికించాను. దాని మీద అడ్డంగా ఎర్రగీత. "టూ పర్సనల్. ఎవిడెన్స్?"

తమ మిగతా లీలలు ఇప్పుడెత్తను. ఇంట్రడక్షన్‌కే చొక్కా మార్చి కన్‌క్లూజన్ అని మళ్లీ నిలబెట్టమంటారు, సరే. పేరా పేరాకు "మోరోవర్" గడప దాటి రావాలంటారు, దాటాను. కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ 14 శాతం వచ్చిందంటే తెరిచి చూశాను. అందులో సగం కాలేజీ పేరు, ప్రశ్న, నా సెక్షన్. యూజీసీ 2018 రూల్స్‌లో పది శాతం దాకా పర్వాలేదని ఉంది కాబట్టి కవర్ పేజీని నా సొంత మాటల్లో తిరగరాశాను. వీటన్నిటికీ నవ్వుకున్నాను. ఒట్టు.

"నేను" అనే మాట దగ్గర మాత్రం నవ్వు రాలేదు. అకడమిక్ రైటింగ్‌లో అది నిషిద్ధమట. తమ వంశానికి మూలపురుషుడు మోంటేన్ అనే ఫ్రెంచి ఆసామి. 1580లో అచ్చు వేసినప్పుడు తన రాతలకు "ఎస్సే" అని పేరు పెట్టుకున్నాడు, ప్రయత్నం అని దానర్థం. ఆయన మొదలు నుంచి చివరిదాకా నేను, నేను అంటూనే రాశాడు. తన మూత్రంలో రాళ్ల గురించి కూడా రాశాడు. ఎవిడెన్స్ అడిగిన నాథుడు లేడు. తాతగారికున్న చనువు మనవళ్ల దాకా వచ్చేసరికి ఎలా ఆవిరైందో!

ఇక ఆ ఏడు లైన్లలో ఏముందో చెబుతాను. చదవరని తెలుసు, అయినా చెబుతాను.

ఫిబ్రవరి నెల. బ్యారన్ ఎక్కించి నాలుగో రోజు. ఆకు పచ్చదనం విరిగి రంగు తిరిగింది, ఇక ఈనె ఎండాలి. ఆ దశలో లోపల వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. పొయ్యి ఆరకూడదు, ఎగదోయకూడదు. రాత్రి కాపలా తాతయ్యది. మూడు రాత్రుల నుంచి నిద్ర లేదు, కునుకు పట్టింది. పైనుంచి ఆకు కట్టిన కర్ర ఒకటి జారి, పొయ్యి వేడి తిరిగే ఇనప గొట్టం మీద పడింది. కమురు వాసన ముందు తగిలింది నాయనమ్మకు. తలుపు లాగి, అటూ ఇటూ చూసే టైమ్ లేక, ఎడమచెయ్యి పెట్టి ఆ కర్రను బయటికి ఈడ్చేసింది. బ్యారన్ నిలిచింది. ఆకు అమ్మిన డబ్బులు ఆస్పత్రికి సరిపోయాయి. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు అప్పట్నుంచి ముడుచుకోవు. చేట పట్టుకుంటే ఆ చేతివైపు జారుతుంది, మోకాలు ఆనిస్తుంది. ఆ కార్తీకానికి తాతయ్య పొలంలో శనగ పడింది. ఎందుకు మార్చావని ఊళ్లో ఎవరడిగినా "ఆ యేడు మానేశా" అంటాడు, అంతే.

ఇదిరా కారణం! దీనికి ఎవిడెన్స్ కావాలా నీకు? మా ఇంటికి రా. వసారాలో కూర్చుని శనగలు ఏరుతుంటుంది. లేని నీళ్లు ఎండిపోయాయంటే గుడ్ పాయింట్, ఉన్న చెయ్యి కాలిందంటే టూ పర్సనల్! అబద్ధానికి ఫుట్‌నోట్ ఉంటే చాలు, కుర్చీ వేసి కూర్చోబెడతావు. సత్యం మాత్రం ఒంటరిగా వచ్చిందని గుమ్మంలోనే ఆపి, ఇంకో ఇద్దరిని తోడు తెచ్చుకోమంటావు. పద్దెనిమిదేళ్లకు నాకు ఇంగ్లీషులో అబద్ధం రాయడం నేర్పావు, అదీ ఒక్క రాత్రిలో.

క్షమించాలి. మర్యాద తప్పింది.

నాలుగున్నరకు మేడమ్ వచ్చారు. చంకలో ఇంకో సెక్షన్ పేపర్ల కట్ట, అరవై దాకా ఉంటాయి. నా పేపర్ చూసి గుర్తుపట్టారు. "ఆ పేరా రెండుసార్లు చదివానురా," అన్నారు. కాసేపు ఆగి, "మార్కులేసే రూబ్రిక్ పట్టికలో దానికి గడి లేదు. కావాలంటే సోమవారం రివైజ్డ్ కాపీ ఇవ్వు. మూడు పేరాలు మాత్రం ఉండాలి," అన్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ కూడా తమరి కింద పనిచేసే మనిషే.

రాత్రి బస్సుకు ఇంటికొచ్చాను. తాతయ్య చుట్ట ఆర్పి, "ఏందిరా అబ్బయా, నా గురించి ఇంగ్లీషులో రాశావంటగా, చదువు" అన్నాడు. తెలుగు చేసి చెప్పాను. నీటి ఎద్దడికి నావైపు జాలిగా చూశాడు. ఒడంబడిక దగ్గర మాత్రం లేచి కూర్చున్నాడు. "పదిహేడో అధికరణమా! అదేందో మళ్లీ చదువు" అని రెండోసారి చెప్పించుకున్నాడు. తనకు ఇంత పెద్ద కారణం ఉండిందని ఆయనకు బాగా నచ్చింది.

మూడోది చదవలేదు. నాయనమ్మ చేటలోంచి తలెత్తి, "నా చెయ్యి సంగతి రాయలా?" అంది.

"రాశా నాయనమ్మా. దానికి మార్కులు పడలా."

"మొత్తానికి ఎన్నొచ్చాయి?" అన్నాడు తాతయ్య, గోడకేసి చూస్తూ.

"ఇరవైకి పద్నాలుగు."

"నో బిడ్డయితే కాలేదుగా" అని మళ్లీ చుట్ట వెలిగించాడు.

సోమవారం కాపీ ఇస్తున్నాను. తమరి ఆజ్ఞ ప్రకారం బాడీ పేరాలు మూడే ఉంటాయి. మొదటిది చూపుడువేలు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఫస్టియర్, బి సెక్షన్, చివరి బెంచీ