నాలుగు చక్రాలు, ఒక స్టూలు

మా ఇంట్లో పాల లెక్క రాసే పుస్తకంలో చివరి పేజీ నా జీపుది. బండి ఇంటికొచ్చిన రోజే మా ఆవిడ ఆ పేజీ మధ్యలో నిలువు గీత గీసి, ఎడమ పక్క ‘లాభం’, కుడి పక్క ‘నష్టం’ అని రాసింది. కుడివైపు మొదటి పద్దు జీఎస్టీ 40 శాతం. ఇంజను 1500 సీసీ దాటిన పాపానికి కట్టింది. ఎడమవైపు మొదటి పద్దు నేనే బతిమాలి రాయించాను: గ్రౌండ్ క్లియరెన్స్. స్పీడ్ బ్రేకర్ మీద పక్కింటాయన కారు పొట్ట గీసుకున్న ప్రతిసారీ ఆ పద్దు వంక వేలు చూపించేవాణ్ణి. మైలేజీ గురించి ఇక్కడ వద్దు. ఆ అంకె చూసి మా ఆవిడ ‘ఇది కిలోమీటర్లా, లీటర్లా’ అంది.

దీనికి తలుపులు రెండే. వెనక్కి వెళ్ళాలంటే ముందు సీటు మడిచి, తల వంచి, ఒక కాలు లోపల పెట్టి, మిగతా మనిషిని మెల్లగా లోపలికి లాక్కోవాలి. పట్టుచీరతో అయ్యే పని కాదు. ముందు సీటు ఎక్కడమూ మా అత్తయ్యగారి మోకాళ్ళకి కొండే. అందుకని 350 రూపాయలు పెట్టి ఎర్ర ప్లాస్టిక్ స్టూలు కొన్నాం. అందరూ తమ జీపులకి విన్చీలు (దిగబడ్డ బండిని తాడుతో లాగే యంత్రాలు), లైట్లు బిగించుకుంటారు. నా బండికి నేను పెట్టించిన యాక్సెసరీ అదొక్కటే.

‘జీపంటే పదహారు మంది పట్టేవాళ్ళు కదా అల్లుడుగారూ, దీన్లో నలుగురేనా?’ అన్నారావిడ మొదటిసారి ఎక్కినప్పుడు. ఆవిడ చూసిన జీపు సంతకి పోయే సర్వీసు జీపు. నేను ఊరుకోకుండా, 1947లో మహీంద్రా వాళ్ళు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం దగ్గర్నుంచి చరిత్ర మొత్తం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, ‘అప్పటి బండా! పోన్లెండి, రంగు బాగా వేయించారు’ అన్నారు.

గేరు రాడ్డు పక్కన ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. టూ హై, ఫోర్ హై, ఫోర్ లో. టూ అంటే ఇంజను రెండు చక్రాల్నే తిప్పుతుంది, ఫోర్ అంటే నాలుగింటినీ. లో అంటే వేగం తక్కువ, బలం ఎక్కువ. నా బండిలాంటి వాటిని ఎండిన తారు రోడ్డు మీద ‘ఫోర్’ పెట్టి నడపకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ తిరిగే దూరాలు వేరు, లోపల బిగుసుకుపోతుంది. హైదరాబాద్‌లో ఉన్నదంతా తారు రోడ్డే, గుంతలున్న చోట తప్ప. అందుకని కొన్నప్పట్నుంచి ఆ రాడ్డుకి మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు వేలాడుతోంది.

అత్తయ్యగారిని సత్తెనపల్లి దగ్గర వాళ్ళ ఊళ్ళో దింపడానికి బయల్దేరాం. పిడుగురాళ్ల దాటాక బావమరిది ఫోను. ‘బావా, రోడ్డు మీదుగానే రండి. రాత్రి వాన పడింది, డొంక బాగోలేదు.’

ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నవాడితో అనాల్సిన మాటేనా ఇది? డొంకలోకి తిప్పాను.

పల్నాడు నల్లరేగడి ఎండితే రాయి, తడిస్తే గారెల పిండి. వంద గజాలు పోయేసరికి ఆ మట్టి టైరు పళ్ళ సందుల్లో నిండిపోయి, నాలుగు టైర్లూ తిరుపతి గుండ్లలా నున్నగా తయారయ్యాయి. పత్తి చేను పక్కన బండి దిగబడింది. ‘ఇప్పుడు చూడండి’ అని, హ్యాండ్‌బ్యాగు తీసి మా ఆవిడ చేతికిచ్చి, న్యూట్రల్ చేసి, రాడ్డు ‘ఫోర్ లో’కి లాగాను. అప్పటిదాకా వెనక చక్రాలు రెండే గొయ్యి తవ్వుతున్నాయి. ఇప్పుడు ముందువి కూడా పనిలోకి దిగాయి.

చక్రం కింద గట్టిది ఏదైనా పెట్టమని ఎక్కడో వీడియోలో చూశాను. కాళ్ళ కింద మ్యాట్లు పెడితే టైరు వాటిని మింగి, వెనక పత్తి చేలోకి ఉమ్మేసింది. ఇక బండిలో గట్టిది ఒకటే మిగిలింది. ‘టప్’మంది. ఎర్ర ముక్కలు నాలుగు పక్కలకీ ఎగిరాయి.

సరిగ్గా అప్పుడే టీవీఎస్ ఎక్సెల్ మీద ఒకాయన గడ్డిమోపుతో, రెండు కాళ్ళూ నేలకి తన్నుకుంటూ మమ్మల్ని దాటిపోయాడు. పోతూ పోతూ, ‘పొలం చూసుకుంటున్నారా అండీ?’ అని పలకరించాడు.

‘ఉక్కగా ఉంది, కాసేపు దిగుతాను. స్టూలు వెయ్యండి అల్లుడుగారూ’ అన్నారు అత్తయ్యగారు.

ఎవరం మాట్లాడలేదు.

బావమరిది ట్రాక్టరు తెచ్చాడు. ఒక్క మాటా అనకుండా గొలుసు తగిలించాడు. అదే ఎక్కువ బాధ. ఊళ్ళో నున్నటి సిమెంటు రోడ్డు వచ్చాక కూడా గొలుసు విప్పలేదు, కావాలనే. ముందు ట్రాక్టరు, వెనక జీపు, జీపులో అత్తయ్యగారు ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరేగింపు విగ్రహంలా. రామాలయం దగ్గర ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఆవిడ ఒక్కొక్కరికీ తలూపి, ‘మా అల్లుడుగారిదే, పాతది’ అని చెబుతున్నారు. ఇంటి ముందు నులకమంచం వేసి, దాని మీదుగా దింపాం.

హైదరాబాద్ చేరిన రాత్రి మా ఆవిడ పుస్తకం తీసి కుడివైపు ‘స్టూలు 350, మ్యాట్లు’ అని రాస్తుంటే వాళ్ళమ్మ ఫోను చేశారు. స్పీకర్‌లో పెట్టింది.

‘అల్లుడుగారికి చెప్పు. ఈసారి వచ్చేటప్పుడు ఇనప స్టూలు తెమ్మను. రెండు తెమ్మను. ఒకటి నాకు.’