ఆ బ్యాటరీ మాట తీసేయండి

తల మీది నుంచి మెదడుకు సన్నని కరెంటు పంపే చికిత్స (టీడీసీఎస్) గురించిన మీ వ్యాసంలో, 9 వోల్టుల బ్యాటరీతో ఇంట్లోనే అలా చేసుకుని మెదడుకు పదును పెట్టుకోవచ్చని రాశారు. దయచేసి ఆ మాట తీసేయండి. కడపలో మా అక్క డిప్రెషన్‌కు డాక్టర్ దగ్గర ఈ చికిత్స తీసుకుంది, పక్కనే ఉండి చూశాను. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజీలు, తలకు రబ్బరు పట్టీ. 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు, 20 నిమిషాలు. మొదట్లో చీమలు పాకినట్టుందంది, అంతే. నాతో మాట్లాడుతూనే ఉంది. ఊళ్లో మాత్రం షాక్ ఇప్పించారని ప్రచారం! అమ్మ ఎంత ఏడ్చిందో. మత్తిచ్చి, కరెంటుతో మూర్ఛ రప్పించే షాక్ చికిత్స (ఈసీటీ) వేరు. టీడీసీఎస్ నాడీకణాల స్పందనను కాస్త హెచ్చించడమో తగ్గించడమో చేస్తుంది. కానీ స్పాంజి ఆరితే చర్మం కాలుతుంది. ఒకరోజు అక్క నుదురు ఎర్రగా కందితే సిస్టర్ వెంటనే ఆపి మళ్లీ తడిపారు. పరీక్షల టెన్షన్‌లో గదిలో ఒంటరిగా వైర్లు తగిలించుకునే పిల్లాడిని ఎవరు చూస్తారు?