రిజిస్టర్‌లో లేని విశ్వాసులు

‘మూగవారి కొరకు నోరు తెరువుము’ అన్న వాక్యం చెన్నైలోని తెలుగు చర్చిలకు కొత్తేమీ కాదు. సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో లెమూయేలు రాజుకు తల్లి చెప్పిన బుద్ధి అది. ఆ ప్రసంగం వినివచ్చి క్రిస్మస్‌కు బియ్యం, చీరలు పంచుతాం. మంచిదే. కానీ ఆ తల్లి కొడుకును అడిగింది దానధర్మాలు కాదు, దీనులకు న్యాయం జరిగించమని.

ఆ దీనులు ఎక్కడో లేరు. ఈ నగరంలో తెల్లవారకముందే వీధులూడ్చి, చెత్త బండ్లు తోసే పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. తమిళనాడు ఎస్సీ జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర అన్న పేర్లు చూస్తేనే వీళ్ల మూలాలు తెలుస్తాయి. వాళ్లకు నోరు లేదనడం కూడా తప్పే. 2025 ఆగస్టులో రెండు జోన్ల పనిని ప్రైవేటుకు అప్పగించడాన్ని నిరసిస్తూ చెన్నై కార్పొరేషన్ కార్యాలయమైన రిపన్ బిల్డింగ్ ముందు పగలూ రాత్రీ కూర్చున్నది వాళ్లే. చివరికి పోలీసులు అర్ధరాత్రి ఎత్తుకెళ్లేదాకా లేవలేదు.

అంత ధైర్యం ఉన్నవాళ్లు కూడా ఒక్క విషయంలో గొంతు తగ్గిస్తారు. బాప్తిస్మం తీసుకుని, “చర్చి రిజిస్టర్‌లో నా పేరు వద్దు అయ్యగారూ” అంటారు కొందరు. పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ పోతుందన్న టెన్షన్ అది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివారికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కు దళితులను, 1990లో బౌద్ధ దళితులను చేర్చుకున్నారు. క్రైస్తవులు, ముస్లింలు మాత్రం బయటే ఉండిపోయారు. మతం మారానని ఒప్పుకుంటే తమిళనాడులో బీసీ అవుతారు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అండ కూడా పోతుంది. ఆ చట్టం అండ ఉండదనే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో ఒక పాస్టర్ కేసులో చెప్పింది. ఆదివారం చర్చికి వెళ్లినంత మాత్రాన సోమవారం చేతిలో చీపురు మారదు, వాడలో పిలుపూ మారదు. మారేది కాగితం మీద రక్షణ ఒక్కటే.

నిజం చెబితే నష్టపోయేవాడు తన గోడు తాను చెప్పుకోలేడు. పక్కవాడు నోరు తెరవాల్సింది ఇక్కడే. ఏ సర్టిఫికెట్టూ పోగొట్టుకునే పని లేని విశ్వాసులు, బిషప్పులు, సంఘాల్లోని వకీళ్లు మాట్లాడాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు అసెంబ్లీలు రెండూ తీర్మానాలు చేశాయి. అంతకు ముందు ఏడాదే కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, తర్వాత గడువు పెంచుతూ వచ్చింది. ఈ సంగతులు ఎన్ని పల్పిట్ల మీద వినిపించాయి? స్వస్థత కూటములకు కట్టే ఫ్లెక్సీల్లో పదో వంతు ఖర్చు చాలు, ప్రతి సంఘం నుంచీ ఒక విజ్ఞాపన పంపడానికి.

హోదా వస్తే ఇప్పుడున్న రిజర్వేషన్ వాటాలో పోటీ పెరుగుతుందన్న హిందూ దళితుల భయం కూడా న్యాయమైనదే. దానికి జవాబు వాటా పెంచడం, అంతేగానీ ఒకరిని బయట నిలబెట్టడం కాదు.

ఈలోగా సంఘ పెద్దలు చేయగల పని ఒకటుంది. కాగితంలో ఒకటి, సంఘంలో ఒకటిగా రెండు పేర్లతో బతుకుతున్నవారిని వేదిక మీద నుంచి ‘దొంగ విశ్వాసులు’ అని ఎత్తిపొడవడం మానాలి. పాలక కమిటీలో వాళ్లలో ఎందరున్నారో లెక్క చూసుకోవాలి.