పూర్వపక్షం తెలియని పక్షాలు

ఎన్నికలొస్తే చాలు, మా చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి ఇద్దరైనా అలిగి బయటికెళ్తారు. 2024లో ఆ ఇద్దరిలో నేనొకణ్ణి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఆ ఏడాది మే 13న రెండు వైపులా ఒకే రోజు పోలింగ్. మా వైపు ఎక్కడ విన్నా 'ఒడియా అస్మిత', అంటే ఒడియా ఆత్మగౌరవం మాటే. తమిళనాడులో పుట్టి, ఒడిశా కేడర్ ఐఏఎస్‌గా పనిచేసి, 2023లో ఉద్యోగం వదిలి అప్పటి అధికార పార్టీ బీజేడీలో చేరిన వి.కె. పాండియన్ బయటివాడంటూ ఆయన చుట్టూనే గొడవంతా. నాకు ఒళ్లు మండింది. ఇవాళ తమిళుడు, రేపు మన తెలుగోళ్లే కదా! గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరిది. 1936లో దీన్ని ఒడిశాలో కలిపితే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఆ నొప్పి మా ఇళ్లల్లో ఇంకా ఉంది. ఇదంతా గ్రూపులో రాసి, మా బావని 'అమ్ముడుపోయావు' అన్నాను. ఆయన ప్రభుత్వం మారాలనే రకం.

మర్నాడు పొద్దున్నే బావ టిఫిన్ బండి దగ్గరికి రమ్మన్నాడు. బరా (మన గారె లాంటిది) తుంచి ఘుగుని అనే బఠాణీ కూరలో ముంచుతూ, "నీ వాదన నేను చెప్తాను, తప్పయితే ఆపు" అన్నాడు. చెప్పాడు. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి రాష్ట్రపతి అయిన సంగతి కూడా కలిపి, నాకంటే బాగా చెప్పాడు. "ఇప్పుడు నాది నువ్వు చెప్పు."

"నీకు బయటోళ్లంటే పడదు" అన్నాను.

"అది నా వాదన కాదురా. నా మీద నీ కోపం."

ఆయన వాదన వేరే. ఒక్కసారైనా ఎన్నికల్లో నిలబడని పాండియన్‌కి '5టీ' అనే ప్రభుత్వ కార్యక్రమానికి చైర్మన్ అని కేబినెట్ హోదా ఇస్తే, ఆయన్ని జనం దించేదెలా? దీనికి నా దగ్గర జవాబు లేదు. కానీ సభల్లో వినిపించింది ఈ ప్రశ్న కాదు, పుట్టిన ఊరి ప్రస్తావన. ఆ మాటే అడిగాను. బావ ఘుగుని గిన్నె పక్కన పెట్టి, కాసేపాగి, "అది మావాళ్ల తప్పే" అన్నాడు. ఇద్దరి ఓట్లూ మారలేదు.

పూర్వపక్షం అంటే ఎదుటివాడి వాదనని ముందు సరిగ్గా నిలబెట్టడం. మనం ఆ మాటని కొట్టిపారేయడానికే వాడేస్తున్నాం. నాకు మండేదిక్కడే. ఫార్వర్డ్ నొక్కే ముందు అవతలి పార్టీ మేనిఫెస్టో ఒక్క పేజీ చదివినవాడు మా గ్రూపులో ఎవడైనా ఉన్నాడా? నేనూ చదవలేదు లెండి.

జూన్ 4న ఫలితాలొచ్చాయి: ఒడిశా అసెంబ్లీలో బీజేపీకి 78 సీట్లు, బీజేడీకి 51. నవీన్ పట్నాయక్ 24 ఏళ్ల పాలన ముగిసింది. బావ గ్రూపులో ఒక్క స్మైలీ కూడా పెట్టలేదు. ఫోన్ మాత్రం చేశాడు. "ఈసారి కొటియా తీసుకుందాం. ఒడిశా వైపు నువ్వు మాట్లాడాలి."

సాలూరు, పొట్టంగి మధ్య కొండల్లో 21 ఊళ్లవి. అవి ఎవరివని ఆంధ్ర, ఒడిశాల మధ్య 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగువు. అక్కడివాళ్లకి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. ఆంధ్ర వాదన నాకు నోటికొచ్చు. ఒడిశాది ఇప్పుడే చదవడం మొదలెట్టాను. కాస్త టెన్షన్‌గానే ఉంది, వాళ్లు చెప్పేదాంట్లోనూ పస కనిపిస్తోంది.