కూంబ్ జంక్షన్ గారికి, వెనక్కి తిరిగి కూర్చున్న అల్లుడు వ్రాయునది

మహారాజశ్రీ కూంబ్ జంక్షన్ గారి సముఖమునకు,

నమస్కరించి చేసుకొను విన్నపములు. ఇక్కడ మేమంతా క్షేమం. మా అత్తగారికి కళ్ళు తిరగడం నిన్న రాత్రి పదింటికి తగ్గింది. జీలకర్ర నమిలించాం, నిమ్మకాయ వాసన చూపించాం. తమరు అక్కడ, ఇంగ్లండుకి నైరుతి మూల ఉన్న కార్న్‌వాల్‌లో, ఆ లోయలో, 147 అడుగుల ఎత్తు వంతెన కింద, చల్లగా, ఎవరి ఊసూ పట్టకుండా ఉన్నారని తలుస్తాను.

తమరికి మేం గుర్తుండకపోవచ్చు. నిన్న మధ్యాహ్నం లిస్కార్డ్ నుంచి లూ వెళ్ళే రెండు పెట్టెల బండిలో వచ్చాం. (ఇంగ్లీషువాళ్ళు మరుగుదొడ్డిని లూ అంటారు గానీ, ఇది ఊరి పేరే. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి.) గళ్ళ చీర మీద నా రెయిన్ కోటు వేసుకున్నావిడ మా అత్తగారు. ఆవిడకి ఎదురుగా, ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి చూస్తున్నవాణ్ణి నేను.

మా ఇంట్లో ప్రయాణానికి ఒకటే నియమం. అత్తయ్యగారు బండి పోయే వైపుకే ముఖం పెట్టి కూర్చోవాలి. వెనక్కి కూర్చుంటే ఐదు నిమిషాల్లో కళ్ళు తిరుగుతాయి, పదో నిమిషానికి కవరు కావాలి. ఆవిడది అనకాపల్లి. అక్కణ్ణుంచి ఆమదాలవలస వెళ్ళాలంటే విశాఖపట్నంలో ఇంజను ఇటునుంచి తీసి అటు తగిలిస్తారని, బండి వచ్చిన దారినే వెనక్కి బయల్దేరుతుందని ఆవిడకి చిన్నప్పట్నుంచీ తెలుసు. మర్రిపాలెం దాటగానే లేచి, ఎదుటి సీటు మీద చేతిసంచీ పెట్టేస్తారు. అంచేత లిస్కార్డ్‌లో బండెక్కగానే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఇక్కడ గానీ మన విశాఖలో లాగ ఇంజను తిప్పుతారేటి బాబూ?"

నేను నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

"అత్తయ్యగారూ, ఇది రైలు కనిపెట్టిన దేశం. పట్టుమని తొమ్మిది మైళ్ళు కూడా లేదు ఈ లైను. ఇటెక్కి అటు దిగడమే" అన్నాను. ముందుకు చూసే కిటికీ సీటు చూసి, తువ్వాలుతో తుడిచి మరీ కూర్చోబెట్టాను. ఆ ఊరివాళ్ళే కాబోలు, ఒక ముసలి దంపతులు మా తర్వాత ఎక్కారు. పక్క వరసలో ముందుకు చూసే సీట్లు ఖాళీగా ఉండగా, పోయి పోయి వెనక్కి తిరిగిన సీట్లలో కూర్చున్నారు. పాపం, పెద్దవాళ్ళు, చూపు ఆనడం లేదేమో అనుకున్నాను. జాలిపడ్డాను కూడా.

ఇంతకన్నా ముందు జరిగిన అవమానం ఒకటుంది. అది తమరి ఖాతాలో వేయను, లిస్కార్డ్ స్టేషన్ ఖాతాలో కూడా పూర్తిగా వేయను. మెయిన్ లైన్ బండి దిగి, బ్రాంచి బండి కోసం అదే ప్లాట్‌ఫారం మీద ఇరవై నిమిషాలు నించున్నాను. బ్రాంచి ప్లాట్‌ఫారం వేరే చోట, వేరే చిన్న భవనంతో, మెయిన్ లైనుకి అడ్డంగా లంబకోణంలో ఉంటుందని నాకేం తెలుసు? బోర్డు ఉంది. చదవలేదు. బండి కూత వినబడింది, బండి మాత్రం కనబడలేదు. తర్వాతి దానికి గంట. ఆ గంటసేపూ అత్తయ్యగారు ఒక్క మాట అనలేదు. అనకపోవడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

సరే, ఎక్కాం. బండి కదిలింది. లూ ఊరు సముద్రం ఒడ్డున ఉంది. సముద్రం దక్షిణాన ఉంది. బండి ఉత్తరానికి బయల్దేరింది. ఫోనులో మ్యాపు చూసి ఫోను పాడైందనుకున్నాను. తర్వాత కుడికి తిరిగింది. ఇంకా కుడికి తిరిగింది. చక్రాలు కీచుమంటున్నాయి, నలభై అడుగులకి ఒక అడుగు చొప్పున దిగుడు. ఇందాక మేం వచ్చిన మెయిన్ లైను వంతెన నెత్తి మీదుగా పోయింది. ఇంకా కుడికే. కుడిచేతి వైపుగా ఇలా ఒక చుట్టు తిరిగి రావడాన్ని మా భాషలో ప్రదక్షిణ అంటారు. కొబ్బరికాయ తెచ్చుకోలేదే అనుకున్నాను. 200 అడుగుల కిందికి దిగాక చూస్తే, మళ్ళీ ఉత్తరానికే ముఖం పెట్టి ఆగింది.

ఆ ఆగిన చోటు తమరు.

స్టేషన్ లేదు. అంటే, ఉంది, కొద్ది దూరంలో. కానీ రోజుకి ఏ ఒకటి రెండు బళ్ళో తప్ప అక్కడిదాకా పోవట. మిగతావన్నీ గుమ్మం దాకా వచ్చి, మంచినీళ్ళైనా అడక్కుండా తిరిగిపోతాయి. గార్డు దిగాడు. వానలో నడుచుకుంటూ పోయి, తాళం తీసి, పట్టాల దారి మార్చే పాయింట్ల మీట లాగాడు. డ్రైవరు సంచీ భుజాన వేసుకుని, పెట్టెల మధ్యలోంచి అందరికీ తల ఊపుతూ, ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచి వెళ్ళాడు. ఆయన మా సీటు దాటుతుంటే అత్తయ్యగారు నా వైపు చూశారు. ఆ చూపులో విశాఖపట్నం మొత్తం ఉంది.

బండి వెనక్కి కదిలింది. సారీ, ముందుకి. ఆవిడ వెనక్కి.

ఆ ముసలి దంపతులు? ఇప్పుడు వాళ్ళు ముందుకు చూస్తున్నారు. ఫ్లాస్కు తీసి టీ పోసుకుంటున్నారు. బండి నిండా పిల్లాజెల్లా, మారడానికి సీటు లేదు.

అయ్యా, ఇక్కడ నాకొక్క సంగతి చెప్పాలి. వెనక్కి తిరిగే బ్రాంచి లైను ఈ దేశంలో తమరొక్కరే కాదని నాకిప్పుడు తెలుసు. రాత్రంతా నిద్రపట్టక చదివాను. టేమర్ లోయలో బియర్ ఆల్‌స్టన్ దగ్గరా బళ్ళు ఇలాగే తిరుగుతాయి. ఎందుకు? ఒకప్పుడు అక్కణ్ణుంచి టావిస్టాక్ మీదుగా పోయే పెద్ద లైనుండేది. 1968లో దాన్ని తెగ్గోశారు. మిగిలిన ముక్కలో బండి వెనక్కి తిరగక ఏం చేస్తుంది? యార్క్‌షైర్‌లో విట్‌బీ వెళ్ళే దారిలో బాటర్స్‌బీ అదే కథ. అక్కణ్ణుంచి పడమరగా పోయే లైనుకి 1954లో ప్రయాణికుల బళ్ళు ఆపేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. చెయ్యి తెగినవాడు ఎడంచేత్తో అన్నం తింటే తప్పు పడతామా? కార్న్‌వాల్‌లోనే పెన్రిన్ స్టేషన్‌లో 2009 నుంచి ఒకే పొడుగాటి ప్లాట్‌ఫారం మీద రెండు బళ్ళు ముందొకటి వెనకొకటి ఆగి ఒకదాన్నొకటి తప్పుకుంటాయట, అదీ ఒక తెలివే. చవగ్గా పని జరిగింది, శుభం.

కానీ నువ్వు? నీకేం తెగింది? ఎవరు కోశారు? నువ్వు పుట్టడమే ఇలా పుట్టావు! కాగితం మీద గీసి, డబ్బు పోసి, కొండ తవ్వి, కావాలని తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకున్నావు. వాళ్ళది తలరాత. నీది పుట్టుబుద్ధి.

ఏకవచనం దొర్లింది. వెనక్కి తీసుకుందామనుకున్నాను గానీ, నువ్వుండగా వెనక్కి అనే మాట వాడబుద్ధి కావడం లేదు.

నీ జాతకం కూడా చూశాను. ముందు ఈ లోయలో కాలువ ఉండేది. పొలాలకి సున్నం, సముద్రపు ఇసుక మోసుకొచ్చేది. 1860లో దాని పక్కన రైలు వేశారు, కొండల మీది రాగి ఖనిజం, గ్రానైటు లూ రేవుకి దించడానికి. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1859లో, ఇంజనీరు బ్రూనెల్ దొర వేసిన మెయిన్ లైను నీ నెత్తి మీదుగా లోయ దాటేసింది. కింద నువ్వు, పైన అది. పొరుగింటివాళ్ళే, కానీ పలకరింపు లేదు. సంబంధం కలుపుదామన్నా జాతకాలు కుదరలేదు: వాళ్ళ పట్టాల మధ్య 7 అడుగుల పావు అంగుళం, మీ పట్టాల మధ్య 4 అడుగుల ఎనిమిదిన్నర. 1892లో వాళ్ళు దిగొచ్చి గేజి మార్చుకున్నారు. ఆ తర్వాత కూడా తొమ్మిదేళ్ళు పట్టింది నిశ్చితార్థానికి.

1901లో కింది లైనుని పై లైనుతో కలిపే ఆ లంకె వేసిన ఇంజనీరు జోసెఫ్ థామస్, లూ ఊరివాడే. లూ రేవు దగ్గర సముద్రంలోకి పొడుచుకొచ్చిన గోడ ఒకటుంది, చివర గుండ్రంగా, బాంజో వాయిద్యంలా. అదీ ఆయన పనే. నిన్న సాయంత్రం ఆ గుండ్రం మీద నించుని సముద్రం చూస్తుంటే నాకు జ్ఞానోదయమైంది. ఈ పెద్దమనిషికి తిన్నగా పోయేదేదీ చివరిదాకా నచ్చదు. ఆ జ్ఞానోదయం మధ్యలోనే ఒక సీగల్ వచ్చి చేతిలో చిప్స్ పొట్లం ఎత్తుకుపోయింది. దానికి వేరే ఉత్తరం రాస్తాను.

దారిలో తగిలిన హాల్టుల మీద పెద్దగా ఫిర్యాదు లేదు. చెయ్యెత్తితేనే బండి ఆగుతుంది, దిగాలంటే గార్డుకి ముందే చెప్పాలి. మా ఊళ్ళో పల్లెవెలుగు బస్సులు కూడా అంతే. సెయింట్ కీన్ దగ్గర ఒక నుయ్యి ఉంది. కొత్త దంపతుల్లో దాని నీళ్ళు ఎవరు ముందు తాగితే కాపురంలో వాళ్ళ మాటే చెల్లుతుందని నమ్మకం. అత్తయ్యగారి దృష్టి మరల్చడానికి ఆ కథ చెప్పాను. కళ్ళు మూసుకునే విన్నారు. విని, "మా పిల్ల ఎప్పుడు తాగీసిందో మరి" అన్నారు. కళ్ళు తెరవలేదు.

ఇదంతా జరిగాక నీ మీద కేసు పెట్టి మూయించేద్దామనే అనుకున్నాను. ఆ ప్రయత్నమూ అయిపోయిందట. 1963లో, గిట్టుబాటు కాని లైన్లు మూసెయ్యమన్న బీచింగ్ నివేదికలో నీ లైను పేరెక్కింది. మూసే తారీఖు కూడా పడింది. ఇంకా రెండు వారాలుందనగా, 1966లో, రవాణా మంత్రి బార్బరా కాసిల్ వద్దంది. లూ వెళ్ళే రోడ్లు సన్నం, వేసవిలో కార్లూ బస్సులూ ఆ సందుల్లో పట్టవు. అలా బతికిపోయావు. రోడ్డు ఇంకాస్త వెడల్పుంటే అత్తయ్యగారు కారులో ముందు సీట్లో కూర్చుని హాయిగా వెళ్ళేవారు.

అయితే ఒకటి. 1879 నుంచి లూ బళ్ళలో జనం ఎక్కుతున్నారు గదా, 1901 దాకా వాళ్ళు లిస్కార్డ్ స్టేషన్‌కి ఎలా చేరేవాళ్ళో నిన్న తిరుగు ప్రయాణంలో నీ దగ్గర ఆగినప్పుడు తెలిసింది. కిటికీలోంచి చూస్తే పైన ఎక్కడో కొండ. ఆ కొండంతా నడిచి ఎక్కడమే. వానలో, మూటలతో, చంటిపిల్లల్ని చంకనేసుకుని. ఆ సంగతి చెబితే అత్తయ్యగారు మొదటిసారి కళ్ళు తెరిచి ఆ గట్టు వైపు చూశారు. "నూకాలమ్మ తీర్థానికి మా అమ్మ నన్నిలాగే ఎత్తుకెళ్ళేది" అన్నారు.

అంతలో గార్డు కుర్రాడు మళ్ళీ వానలోకి దిగాడు. పొద్దుట్నుంచీ ఎన్నిసార్లు దిగాడో. తాళం, మీట, తాళం. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. డ్రైవరు మళ్ళీ సంచీ వేసుకుని మా మధ్యలోంచి నడిచాడు. ఈసారి అత్తయ్యగారు ఆయనకి తల ఊపారు. ఆయనా ఊపాడు. 1901 నుంచి బళ్ళు ఇక్కడ ఇలా వెనక్కి తిరుగుతూనే ఉన్నాయని నేను చెప్పలేదు, ఆ సమయంలో నేనేది చెప్పినా నమ్మే స్థితిలో ఆవిడ లేరు.

కాబట్టి మనవి ఏమనగా: వచ్చే శనివారం మళ్ళీ వస్తున్నాం. ఇది నా నిర్ణయం కాదు. లిస్కార్డ్‌లో మేమిద్దరం వెనక్కి తిరిగి కూర్చుంటాం, నీ దాకా ఉన్న రెండు మైళ్ళూ ఆవిడ కళ్ళు మూసుకుంటారట, ఆ తర్వాత ఆరు మైళ్ళకు పైగా నది చూస్తారట. కొత్తవాళ్ళెవరైనా మా ఎదుట ముందుకి చూసే సీట్లో కూర్చుని మా మీద జాలిపడితే వాళ్ళకేమీ చెప్పొద్దని నాతో ప్రమాణం చేయించుకున్నారు. గార్డు కుర్రాడి కోసం మా ఇంట్లో ఉన్న పాత గొడుగు సంచీలో పెట్టారు. రెండు చేతులతో మీట లాగేవాడికి గొడుగెందుకండీ అంటే, "మీరు పట్టుకోండి బాబూ" అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్లిమత్ నుంచి ఒక అల్లుడు