చప్పట్ల చదివింపులు

మన వైపు పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గరికి పోయే దారిలో ఒక బల్ల వేసి ఉంటుంది. దాని వెనక ఇంటివాళ్లకి బాగా నమ్మకస్తుడు ఒకాయన, ఆయన ముందు పొడవాటి పుస్తకం. ఊరు, ఇంటిపేరు, ఎంత చదివించారు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. పెళ్లయ్యాక ఆ పుస్తకం బీరువాలోకి వెళ్తుంది. రేపు అవతలివాళ్ల ఇంట్లో శుభకార్యం వచ్చినప్పుడు దాన్ని బయటికి తీసి, వాళ్లు ఐదొందలు చదివించి ఉంటే మనం అంతకు తగ్గకుండా చదివిస్తాం. అందులో తప్పేం లేదు. బంధుత్వాలు అలాగే నిలబడతాయి.

అమలాపురం నుంచి భీమవరం దాకా ఊరూరా ఉన్న కవుల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పుడు నడుస్తున్నది అచ్చం ఇదే వ్యవహారం. నా కవితకి మీరు ‘అద్భుతం సార్’ అన్నారు కాబట్టి మీ కవితకి నేను ‘అమోఘం మేడమ్’ అంటాను. మీరు రెండు రోజులు కనపడకపోతే మూడో రోజు మీ కవిత కింద నా గులాబీ కూడా కనపడదు. పుస్తకం లేదన్న మాటే గానీ లెక్క అందరి మనసులోనూ ఉంటుంది. చదివింపులు అన్న పేరు దీనికి ఎంత బాగా సరిపోయిందో చూడండి. చదవడం తప్ప అన్నీ ఉన్నాయి.

బయట నుంచి చూసి రాళ్లు వేస్తున్నాననుకోకండి. నేనూ ఇలాంటి రెండు గ్రూపుల్లో మూడేళ్లుగా ఉన్నాను. ఈ మధ్య ఒక రోజు ఉదయం 6 గంటల 2 నిమిషాలకి ఒక పెద్దాయన అమ్మ మీద 48 లైన్ల కవిత పెట్టారు. అదే 6 గంటల 2 నిమిషాలకి ‘కన్నీళ్లు ఆగలేదు సార్’ అని ఒకావిడ. నలభై ఎనిమిది లైన్లు చదివి, ఏడ్చి, కళ్లు తుడుచుకుని, టైపు చేసి పంపడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ వెనక గులాబీలు, చప్పట్లు, దండాలు. మధ్యాహ్నానికి అరవై దాటాయి. ఆ కవితలో మూడో చరణం రెండుసార్లు పడింది. ఎక్కడి నుంచో తెచ్చి అతికించేటప్పుడు జరిగిన పొరపాటు. అరవై మందిలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం చూశాను. చూసి ఊరుకున్నాను.

మిగతా తంతు మీకు తెలిసిందే. రోజుకో అంశం, ఆదివారం బొమ్మ చూసి రాసే చిత్రకవిత, కింద ‘ఇది నా స్వంత రచన, దేనికీ అనుకరణ కాదు’ అని హామీ పత్రం, సాయంత్రానికి ఫొటోతో సహా రంగురంగుల ప్రశంసా పత్రం. ఎవరో ఒకరు లఘు ప్రక్రియ పేరుతో కొత్త చిన్న కవితా రూపం కనిపెడతారు, అందులో వంద రాస్తే బిరుదు. ఏడాదికో సంకలనం, పేజీకి ఇంత అని కవులే కట్టుకోవాలి. ఆవిష్కరణ రోజు శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. ఆ ఫొటో మళ్లీ స్టేటస్‌లోకి.

అవతలి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఈ గ్రూపుల్లో ఎక్కువమంది యాభై దాటాక కలం పట్టినవాళ్లు. రిటైరైన టీచర్లు, పిల్లలు హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో స్థిరపడ్డ తల్లిదండ్రులు, ఇంటిపనంతా అయ్యాక పది నిమిషాలు తమకంటూ మిగుల్చుకున్న ఆడవాళ్లు. ఒక గులాబీ బొమ్మ చూసి వాళ్లు పడే సంతోషాన్ని కాదనడానికి మనమెవరం? పైగా పాతకాలపు విమర్శ ఏమంత పవిత్రమైంది కాదు. యతి తప్పిందనో, గ్రాంథికం రాలేదనో వంక పెట్టి దళితులనీ ఆడవాళ్లనీ గుమ్మంలోనే ఆపేసిన చరిత్ర దానిది. ఒప్పుకుంటాను. కానీ అప్పుడు గుమ్మంలో ఆపేశారు, ఇప్పుడు వరండాలో కూర్చోబెట్టి స్వీటు పెట్టి పంపేస్తున్నారు. ఇంట్లోకి మాత్రం అప్పుడూ రానివ్వలేదు, ఇప్పుడూ రానివ్వడం లేదు.

అసలు ఎదుటివాడి రాతని పట్టించుకోవడమనే పని మన గోదారి ఒడ్డున ఎలా మొదలైందో ఒకసారి గుర్తు చేసుకుందాం. రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం ఎత్తుకున్నప్పుడు పక్కన నారాయణభట్టు ఉన్నాడు. భారత యుద్ధంలో అర్జునుడికి నారాయణుడు తోడున్నట్టు తనకి ఇతను తోడున్నాడని నన్నయే చెప్పుకున్నాడు. ఆ తోడు ఏ మేరకన్నది పండితులు ఇంకా తర్కించుకుంటూనే ఉన్నారు, అది వాళ్లకి వదిలేద్దాం. నాకు ఆ పోలిక మీదే కన్ను. మనం దాన్ని ఒక మర్యాద మాటలా చదివి దాటిపోతాం. కృష్ణుడు అర్జునుడికి చేసిందేమిటి? విల్లు కింద పెట్టి కూలబడ్డవాణ్ణి చూసి ‘అద్భుతం బావా’ అన్నాడా? ఈ పిరికితనం నీకు తగదు, లే, అని మొదట్లోనే మందలించాడు. తర్వాత పద్దెనిమిది రోజులూ గుర్రాల పగ్గాలు పట్టుకుని ముందు కూర్చున్నాడు. మందలింపూ ఆయనదే, పగ్గాలూ ఆయనవే. తన స్నేహితుడి గురించి చెప్పుకోవడానికి నన్నయకి దొరికిన పోలిక అది. మన ఆదికవికి అలాంటి మనిషి ఒకడు కావలసి వచ్చాడు. మనకి మాత్రం అక్కర్లేదట.

ఎనిమిది శతాబ్దాలు దాటి రండి. కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి కలిసి ఊళ్లూ సంస్థానాలూ తిరిగి అవధానాలు చేశారు. అష్టావధానం అంటే ఏమిటి? ఎనిమిది మంది చుట్టూ కూర్చుని కవికి అడ్డం పడటం. నిషిద్ధాక్షరి అడిగేవాడు, కవి ఒక అక్షరం వేయగానే తర్వాత రాబోయే అక్షరాన్ని పసిగట్టి ‘అది వద్దు’ అంటాడు. సమస్య ఇచ్చేవాడు అర్థం లేని లైను పారేసి పూరించమంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి పిచ్చి ప్రశ్నలేసి బుర్ర తినేస్తాడు. జనం బళ్లు కట్టుకుని వెళ్లి చూసింది ఆ అడ్డాన్నీ, దాన్ని కవి దాటడాన్నీ. ఊరికే పొగిడే ఎనిమిది మందిని కూర్చోబెడితే ఎవరు వెళ్తారు? పిఠాపురం వైపు వేంకట రామకృష్ణ కవులనే ఇంకో జంటతో ఈ జంటకి వచ్చిన వివాదం పుస్తకాలకు పుస్తకాలు నడిచింది. అవతలివాళ్లు వేసిన పుస్తకం పేరు శతఘ్ని. ఒక్క దెబ్బకి వంద మందిని చంపే ఆయుధం అన్నమాట. ఆ తిట్ల పోరు మళ్లీ రావాలని నేను అనను. కానీ ఒక విషయం ఒప్పుకోక తప్పదు. తిట్టడానికైనా వాళ్లు అవతలివాడి పద్యాన్ని అక్షరం అక్షరం చదివారు.

ఇక నేను కళ్లారా చూసిన సంగతి. మా గ్రూపులో ఒక అమ్మాయి ఉంది. భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల షెడ్డులో తలలు తీసి వలిచే పని. ఆమె ఒప్పుకుంది కాబట్టే రాస్తున్నాను, పేరూ ఊరూ చెప్పను. ఒక రోజు తన పని మీద కవిత పెట్టింది. అందులో ఈ ముక్క ఉంది:

మంచు తునకల నడుమ
మల్లెలై విరిసిన
నా శ్రమజీవన కరములు

డెబ్బై చప్పట్లు. వాటిలో ఒకటి నాది.

గ్రూపులో ఎప్పుడూ నోరు విప్పని రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకాయన ఆ రాత్రి ఆమెకి విడిగా మెసేజ్ పెట్టారు. ‘అమ్మా, ఐసులో చెయ్యి పెట్టినప్పుడు నీకు మల్లెలు గుర్తొస్తాయా?’

‘లేదండి మాస్టారూ. ఏమీ గుర్తురావండి. కాసేపటికి వేళ్లు మనవి కాదన్నట్టు అయిపోతాయండి.’

‘మరి మల్లెలు ఎందుకు పెట్టావు తల్లీ?’

‘కవిత్వం కదండీ.’

మాస్టారు ఇంకేం అనలేదు. తర్వాత రోజు ఇంకోటి అడిగారు. ‘వేళ్లు మనవి కాదన్నావు కదా. ఇంటికెళ్లాక మళ్లీ మనవి అయిపోతాయా?’ ఆమె రెండు వారాలు ఏమీ రాయలేదు. ఆ తర్వాత ఐదు లైన్లు పెట్టింది:

రేషన్ షాపులో
మూడుసార్లు నొక్కినా
మిషను నన్ను పోల్చుకోలేదు
వేలి మీద గీతలు
ఐసులో వదిలేసి వచ్చాను

చదివి ఫోన్ పక్కన పెట్టి వీధిలోకి వెళ్లిపోయాను. చాలా రోజుల తర్వాత ఒక కవిత నాకు ఆ పని చేసింది. ‘పోల్చుకోలేదు’ అన్న మాట చూడండి. గుర్తుపట్టలేదు అనలేదు. మన ఇళ్లలో చాన్నాళ్లకి వచ్చిన బంధువుని చూసి వాడే మాట, తీసుకెళ్లి మిషనుకి పెట్టింది. శ్రమజీవన కరములు ఎక్కడ, ఇదెక్కడ! ఎవరూ ఆమెకి ఈ లైన్లు చెప్పి రాయించలేదు. మాస్టారు అడిగింది రెండు ప్రశ్నలు, అంతే.

గ్రూపులో ఈ కవితకి వచ్చిన చప్పట్లు పదకొండు. దాని కింద ఒక ‘కవిరత్న’ గారు ‘ఇందులో కవిత్వం ఎక్కడుంది మేడమ్?’ అని అడిగారు. మూడేళ్లలో ఆ గ్రూపులో నా కంటపడిన మొదటి ప్రశ్న అదే. తీరా అడిగి అడిగి దీన్నే అడగాలా!

పొగడ్త వచ్చి పడటమే తప్ప తప్పు బయటికి పోయే దారి లేనిచోట ఏమవుతుందో మన రైతులకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాటన్ 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి ఇక్కడ నీళ్లకి పెద్ద కరువు లేదు. డెల్టాలో చేను ఎక్కువసార్లు చచ్చేది నీళ్లు రాక కాదు, వచ్చిన నీళ్లు పోక. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి ఖరీఫ్ మానేసినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు పూడిపోయిన డ్రెయిన్ల గోడూ చెప్పుకున్నారు. కాలువ గురించి మాట్లాడేవాళ్లు పది మంది ఉంటే మురుగు కాలువ గురించి మాట్లాడేవాడు ఒక్కడుంటాడు. మన సాహిత్యంలో ఆ ఒక్కడు కూడా విడిగా మెసేజ్ పెట్టుకోవాల్సి వస్తోంది.

ఆ మాస్టారికి ఆ ప్రశ్న అడగడం ఎలా వచ్చింది? అదే ఆయన్ని అడిగితే కుర్రప్పుడు లైబ్రరీలో కూర్చుని చదివిన రోజుల గురించి చెప్పారు. నా అసలు కోపం అంతా ఇక్కడుంది. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు. అందరూ రాసేవాళ్లే అయితే చదివేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? ఒకప్పుడు ఈ నేల చదివేవాళ్లని పనిగట్టుకుని తయారు చేసుకుంది. నాళం కృష్ణారావు 1898లో, ఇంకా కుర్రతనంలోనే, రాజమండ్రిలో వసురాయ గ్రంథాలయం పెట్టారు. ఇప్పటి గౌతమీ గ్రంథాలయం ఆ వేరు మీద మొలిచిందే. గ్రంథాలయోద్యమాన్ని భుజాన మోసిన అయ్యంకి వెంకటరమణయ్య మన కొంకుదురులో పుట్టినవారు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సభ జరిపించి ఊరూరికీ ఆ వేడి ఎక్కించారు. పక్క కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం 1935లో పడవలోనే గ్రంథాలయం పెట్టి కాలువ వెంట పుస్తకాలు తిప్పారు. పుస్తకం మన గుమ్మం దగ్గరికి పడవెక్కి వచ్చిన రోజులున్నాయండీ.

ఇప్పుడు? మనం కట్టే ఇంటిపన్ను మీద ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను. వసూలు చేసిన పంచాయతీలూ మున్సిపాలిటీలూ దాన్ని గ్రంథాలయ సంస్థలకి జమ చేయడం లేదని, బకాయిలు పేరుకుపోయాయని తరచూ వార్తలు చదువుతూనే ఉంటాం. నేను ఈ మధ్య ఒక శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు గోడ వారగా కూర్చుని ఉన్నారు, పాపం వాళ్ల పుస్తకాలు వాళ్లే తెచ్చుకున్నారు. పేపర్లు చదివే ముసలాళ్లు నలుగురు. కవిత్వం బీరువాకి తాళం. చెవి ఏదండీ అంటే, ఇదివరకటాయన బదిలీ మీద వెళ్తూ ఎక్కడ పెట్టారో వెతకాలన్నారు. ఎప్పుడు వెళ్లారని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ ఊళ్లోనే, ఆ వారంలోనే ఒక సంకలనం ఆవిష్కరణ జరిగింది. శాలువాలు వేదిక మీద గుట్టగా పోసి ఉన్నాయి. ఆ శాలువాల ఖర్చుతో ఆ బీరువాకి తాళం పగలగొట్టి కొత్తది వేయించి, ఇంకో బీరువా నిండా కొత్త కవిత్వం కొనచ్చు. కవుల గ్రూపులు బకాయి పడ్డ 8 పైసల గురించి పంచాయతీని ఒక్కసారి నిలదీసినా చాలు, నేను నా రెండు ప్రశంసా పత్రాలూ ఫ్రేము కట్టించుకుంటాను.

మా అడ్మిన్ గారికి ఒక మాట చెప్పి చూశాను. వారంలో ఒక్క రోజు, బుధవారం అనుకుందాం, బొమ్మలు బంద్. ఎవరి కవిత కింద ఏం పెట్టాలన్నా ఒక ప్రశ్నే పెట్టాలి. ‘ఈ మాట ఎందుకు వేశారు?’ అన్నా సరిపోతుంది. ఆయన వెంటనే ఫోన్ చేశారు. ‘గ్రూపు ఖాళీ అయిపోద్దండి బాబూ, నన్ను టెన్షన్ పెట్టకండి’ అన్నారు. అయితే అవనివ్వండి, మిగిలిన పది మందీ చదివేవాళ్లు అవుతారన్నాను. ఆలోచిస్తానన్నారు. నాలుగు రోజుల తర్వాత గుర్తు చేస్తే చేతులు జోడించిన బొమ్మ ఒకటి వచ్చింది. సరేనన్నట్టో, ఇక వదిలేయమన్నట్టో తెలియలేదు.

అందరికీ చెప్పే ముందు నా బాకీ తీర్చుకుందామని, అమ్మ మీద కవిత రాసిన పెద్దాయనకి నిన్న ఫోన్ చేశాను. మూడో చరణం రెండుసార్లు పడిన సంగతి చెప్పాను. కాసేపు అవతల ఏమీ వినపడలేదు. ‘అయ్యో, సంకలనానికి అలాగే పంపేశానండి. అచ్చయిపోయింది కూడా’ అన్నారు. తర్వాత నెమ్మదిగా, ‘మీరు చూశారు కదండీ, మీరైనా అప్పుడే చెప్పాల్సిందండి’ అన్నారు.